క్లిక్కర్ చప్పుడు కోసం మూడు నెలలు

విజయవాడలో తొమ్మిదేళ్ళు రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగి ఉండే రకం) పట్టి, భుజం నొప్పితో పోటీలు మానుకున్న ఏడాది, బెంజ్ సర్కిల్ దగ్గర రెండు గదుల్లో పనిచేసే ఒక చిన్న బృందం విలువిద్య మీద మొబైల్ గేమ్ తయారు చేస్తోందని తెలిసి సలహాదారుగా చేరాను. మా ఊళ్ళో విలువిద్య అనగానే జ్యోతి సురేఖ గుర్తుకు వస్తారు కనుక, ఆమె వాడే, కొసల్లో చక్రాలుండే కాంపౌండ్ విల్లునే పెడదామని వారు అనుకున్నారు. నాకు చేతనైనది రికర్వ్ కావడంతో చివరకు దానికే ఒప్పుకున్నారు.

మొదటి రోజు చూపిన నమూనాలో తెర మీద వేలిని ఎంత వెనక్కి లాగితే బాణం అంత దూరం పోయేది. పిల్లల వెదురు విల్లుకు అది సరిపోతుంది గానీ 70 మీటర్ల పోటీలో ఎవరూ అలా వేయరు. ప్రతి బాణాన్నీ ఒకే కొలతకు లాగాలి. ఆ కొలత చేరి బాణం మొన దాటగానే విల్లుకు తగిలి టక్కుమనే సన్నని లోహపు రేకును క్లిక్కర్ అంటాం. అసలు నేర్పంతా విల్లుకు బిగించిన గురి చూసే సాధనం, అంటే సైట్, చెదరకుండా, వీపు కండరాలతో ఆ చివరి కొన్ని మిల్లీమీటర్లు లాగడంలో ఉంది.

దీన్ని ప్రోగ్రాం రాసే అబ్బాయికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు వారం పట్టింది. "అక్కా, గురి కుదిరిందని మీకెలా తెలుస్తుంది?" అని అతను అడిగితే జవాబు తోచలేదు, ఎందుకంటే గురి ఎప్పుడూ పూర్తిగా కుదరదు. చివరకు అతన్నే మైదానానికి తీసుకువెళ్ళి, చేయి గడ్డం కింద ఆనిన క్షణం నుంచి బాణం విడిచే వరకు స్టాప్‌వాచ్ పట్టుకోమన్నాను. మూడు నాలుగు సెకన్లలో విడిచినవి దగ్గర దగ్గరగా పడ్డాయి. ఆరు దాటినవి వణికి, నడిమి పసుపు దాటి ఎరుపు వలయంలోకి జారాయి. నాకే తెలియని నా లెక్క అది.

దాన్నిబట్టి నిర్ణీత సమయానికి ఫోన్ అదిరేలా, అప్పుడు వేలు తీసేలా చేశాం. ఆడి చూడటానికి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు పది నిమిషాల్లో ఆ లయ పట్టేసి వరుసగా పదులు కొట్టారు. అది విలువిద్య కాదు, పాటకు తాళం వేయడం. అందుకని బొటనవేలిని నిదానంగా జరిపితేనే క్లిక్ వచ్చేలా, తొందరపడితే సైట్ ఎగిరిపడేలా మార్చాం. నా పాత సహచరులు సంతోషించారు. కొత్తవారు ఐదో బాణానికే ఫోన్ పక్కన పెట్టేశారు. తప్పు నాదే. మైదానంలో ఎవరికీ మొదటి రోజే 70 మీటర్లు ఇవ్వరని తెలిసీ, వాళ్ళను నేరుగా అక్కడ నిలబెట్టాను. ఇండోర్ పోటీల 18 మీటర్ల దూరంతో మొదలుపెట్టాక ఆట నిలదొక్కుకుంది.

గాలి విషయంలో మాత్రం పట్టుబట్టాను. బాణం 70 మీటర్లు చేరడానికి సెకనుకు పైగా పడుతుంది కనుక, కృష్ణ మీదుగా వచ్చే గాలి దాన్ని పక్కకు నెట్టడానికి ఆ వ్యవధి చాలు. అయినా మైదానంలో గాలి వేగాన్ని అంకెల్లో ఎవరూ చూపరు, టార్గెట్ పైన చిన్న జెండా ఉంటుందంతే. సాధనలో అంకె, పోటీలో జెండా అని రాజీపడ్డాం. మూడు బాణాలకో సెట్, గెలిస్తే రెండు పాయింట్లు, సమమైతే చెరొకటి, ముందుగా ఆరు చేరినవారిదే విజయం అన్న అసలు నియమాన్ని ఉన్నది ఉన్నట్టే తీసుకున్నాం. ఒక బాణం చెడినా పోయేది ఆ సెట్టే కనుక ఎవరూ మధ్యలో వదిలేయలేదు.

కుదరనిది ఒక్కటే, అలసట. అర్హత రౌండులో 72 బాణాలు వేయాలి, చివరికి విల్లు బరువు రెట్టింపైనట్టు ఉంటుంది. చివరి బాణాలకు వణుకు పెంచి చూస్తే, ఆడినవారందరూ ఫోన్ హ్యాంగ్ అవుతోందని ఫిర్యాదు చేశారు. ఆ భాగాన్ని తీసేశాం.