ఆ ఎర్ర బాణం గుర్తు చూస్తే ఒళ్లు మండుతుంది

నేను స్నేహితులకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి కథ నడిపే ఆట) ఆడిస్తుంటాను. ఈ ఆట గురించి ఏం వెతికినా ముందు తగిలేది "ఇక ఈ ఆట పని అయిపోయింది!" అనే థంబ్‌నెయిల్, దాని మీద ఓ పెద్ద ఎర్ర బాణం. వీడియో అంతా చూశాక తేలేది, ఎవరో ఏదో అన్నారట.

అలాగని అన్ని వార్తలూ ఉత్తవి కావు, 2023 జనవరి సంగతే తీసుకోండి. ఈ ఆటను ప్రచురించే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్. ఆట రూల్స్ వాడుకుని ఇతరులు పుస్తకాలు అమ్ముకోవడానికి అది రాసిన కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం వరకు రాయల్టీ కట్టాలని అందులో ఉంది. బయటి ప్రచురణకర్తల పొట్ట కొట్టే మాట అది. దాన్ని బయటపెట్టిన వార్తను ముసాయిదాను దగ్గర పెట్టుకుని, షరతులు విప్పి చెబుతూ రాశారు. ఆటగాళ్లు తిరగబడ్డారు. నెలాఖరుకల్లా కంపెనీ వెనక్కి తగ్గి, ఆట మూల నియమాల పత్రాన్ని (5.1 రూల్స్) ఎవరైనా ఉచితంగా వాడుకునే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేసింది.

అదే నెలలో ఈ ఆట అధికారిక ఆన్‌లైన్ వేదిక డీ అండ్ డీ బియాండ్‌కు నెలకు 30 డాలర్ల చందా అని ఇంకో పుకారు లేచింది. అది నిజం కాదని కంపెనీ చెప్పింది. కానీ ఖండనను ఎవరు ఫార్వర్డ్ చేస్తారు? కొత్తగా ఆడదామని వచ్చేవాళ్లు ఇప్పటికీ భయంభయంగా ఖర్చు గురించే అడుగుతారు. బేసిక్ రూల్స్ ఉచితమేనని నేను ప్రతిసారీ ఓపిగ్గా చెబుతాను.

మా గ్రూపులో ఎవరైనా వార్త పంపితే, అసలు ప్రకటన లింకు ఉందా అని అడుగుతాను. లేకపోతే ఆ వీడియో తెరవను.