పాత కారు రిమ్ములకు తుప్పు వదిలించడం: మెరుపును నమ్మకండి

గ్రైండర్‌కి వైర్ కప్పు (ఉక్కు తీగల గుండ్రటి బ్రష్) బిగించి రెండు నిమిషాలు తిప్పితే ఎంత తుప్పు పట్టిన ఇనుప రిమ్మైనా తళతళలాడుతుంది. ఆ తళతళ చూసి ప్రైమర్ కొట్టేస్తే కొన్నాళ్లకే రంగు కింద బొబ్బలు లేస్తాయి. వైర్ కప్పు పైపై తుప్పునే గీకుతుంది. గుంటల అడుగున ఉన్నదానికి పాలిష్ పట్టి వదిలేస్తుంది. రిమ్మును ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూడండి. శుభ్రమైన ఇనుము లేత బూడిద రంగులో ఉంటుంది, పాలిష్ పట్టిన తుప్పు నల్లగా, కాస్త గోధుమ ఛాయతో మెరుస్తుంది. ఆవగింజంత నల్లచుక్క మిగిలినా పని ఇంకా మిగిలినట్టే.

టైరుకీ రిమ్ముకీ మధ్య పేకముక్కలు దోపి రంగు కొట్టే పద్ధతి ఒకటుంది. పైపై గీతలకైతే అది చాలు. తుప్పు మాత్రం టైరు అంచు కూర్చునే చోట దాక్కుంటుంది, కాబట్టి టైరు ఊడదీయాల్సిందే. ఊడదీశాక ముందు బోల్టు రంధ్రాల చుట్టూ, వెల్డింగు వెంబడి పగుళ్లున్నాయేమో వెతకండి. పగులు కనబడితే ఆ రిమ్ము పక్కన పెట్టేయండి, వెల్డింగు చేయించి రోడ్డెక్కించొద్దు.

తర్వాత జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో కడగాలి, అదీ రుద్దడానికి ముందే. జిడ్డు మీద ఎమెరీ పేపర్ ఆడిస్తే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. టైర్ పాలిష్‌లోని సిలికాన్ మిగిలితే రంగు అక్కడక్కడా విడిపోయి గుండ్రటి గుంటలు పడతాయి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అందుకే దాన్ని పొడిగా కాకుండా నీళ్లతో తడుపుతూ రుద్దండి. వైర్ కప్పు వాడేటప్పుడు కళ్లజోడు ఒక్కటే సరిపోదు, మొహమంతా కప్పే షీల్డ్ కావాలి. తెగిన తీగముక్కలు సూదుల్లా ఎగురుతాయి.

గుంటల అడుగు తుప్పుకి నాకు నచ్చిన మందు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. లీటరు నీటికి 50 గ్రాములు, అంటే 40 లీటర్ల టబ్బుకి 2 కిలోలు. రిమ్ము పూర్తిగా మునగాలి, లేకపోతే నీటిమట్టం దగ్గర చార పడుతుంది. 12 నుంచి 24 గంటలు ఉంచండి, మధ్యలో ఒకసారి తీసి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. బయటికి తీయగానే మంచినీళ్లతో కడిగి, వంటసోడా నీళ్లు పోసి, మళ్లీ కడిగి, వెంటనే హీట్ గన్‌తో ఆరబెట్టండి. ఆలస్యమైతే నిమిషాల్లోనే పసుపు తుప్పు కమ్ముతుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ జోలికి పోవద్దు. అది ఇనుమునీ తినేస్తుంది, దాని పొగకి చుట్టూ ఉన్న పనిముట్లు కూడా తుప్పు పడతాయి.

చక్రం మధ్యలో బోల్టు రంధ్రాలుండే డిస్కూ, చుట్టూ ఉండే రిమ్మూ కలిసే సన్నటి సందే అసలు చిక్కు. అందులో చేరిన యాసిడ్ ఎంత కడిగినా కొంత మిగిలి, రంగు వేశాక గోధుమరంగు కన్నీరులా కారుతుంది. సందులో తుప్పు ఎక్కువుంటే కరెంటు పద్ధతి మేలు. నాలుగైదు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలపండి. 12 వోల్టుల ఛార్జర్ నెగెటివ్ తీగ రిమ్ముకి, పాజిటివ్ తీగ పాత ఇనుప ముక్కలకి ఇవ్వండి. తీగలు తారుమారైతే కరిగిపోయేది రిమ్మే. తుప్పు ఎక్కువగా ఇనుపముక్కకి ఎదురుగా ఉన్న వైపే వదులుతుంది కాబట్టి చుట్టూ నాలుగైదు ముక్కలు వేలాడదీయండి. స్టెయిన్‌లెస్ స్టీలు, జింకు పూత ఉన్న ఇనుము వాడకూడదు, నీళ్లు విషమవుతాయి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టండి, తీగలు ముట్టుకునే ముందు స్విచ్ ఆపండి. కొత్తరకం ఆటోమేటిక్ ఛార్జర్లు చాలావరకు బ్యాటరీ లేనిదే పనిచేయవు, పాతరకమే కావాలి.

ఆరిన ఇనుమును 80, తర్వాత 180 నంబరు పేపర్‌తో రుద్ది, అదే రోజు రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ వేయండి. మామూలు ప్రైమర్ చెమ్మను పీలుస్తుంది. పుట్టీ బయటి ముఖం మీది గుంటలకే, టైరు కూర్చునే చోట వద్దు. స్ప్రే డబ్బాతో అయితే ముందు వెనకవైపు, తర్వాత రంధ్రాల లోపలి అంచులు, చివరికి ముఖం. 25 సెంటీమీటర్ల దూరం నుంచి, 10-15 నిమిషాల తేడాతో మూడు పల్చటి పూతలు. ఊపిరితిత్తులకు చెరుపు చేసే ఐసోసయనేట్ ఉన్న క్లియర్‌కోట్‌కి (రంగు మీద వేసే పారదర్శక పూత) మామూలు మాస్కు పనికిరాదు.

రంగు ఎక్కడ వేయకూడదో ఇంకా ముఖ్యం. రిమ్ము హబ్‌కి (కారుకి చక్రం బిగించే భాగం) ఆనే ముఖం, నట్లు కూర్చునే శంఖాకారపు అంచులు, ఈ రెంటి మీదా మందపు రంగు ఉండకూడదు. నట్టు బిగించినప్పుడు ఆ రంగు నలిగి పల్చబడుతుంది, ఆ మేరకు బిగువు పోతుంది, నట్టు వదులవుతుంది. ప్రైమర్‌కి ముందే ఆ అంచుల మీద టేపు అంటించండి. పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడితో కరిగించే పూత) చేయించినా ఇదే మాట గట్టిగా చెప్పండి, దాని పూత మరీ మందం.

వారం ఆగాక టైరు ఎక్కించండి. నట్లు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే (బిగింపు బలం), ఎదురెదురు వరసలో బిగించి, 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ పెట్టి చూడండి.