మారుతి 800 తుప్పు పని: ఐదో నెల

పోయిన వారం వానకి డ్రైవర్ కాళ్ల దగ్గర మళ్లీ నీళ్లు నిలిచాయి. అక్కడ కొత్త రేకు వేయించి మూడు వారాలు కూడా కాలేదు, 6,200 ఖర్చు. కాసేపు కారు తలుపు తీసుకుని అలాగే నిలబడిపోయాను.

కొత్తగా చదివేవాళ్లకి రెండు ముక్కలు. మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. బండి 1997 మోడల్, కార్బురేటర్ ఇంజను, ఓఆర్ 20, అంటే ఇక్కడి ఒడిశా నంబరు, 24,000కి కొన్నాను. సరిహద్దు అవతల పాతపట్నంలో ఇంకో నాలుగు వేలు తక్కువకి ఒకటి ఉంది కానీ అది ఏపీ బండి, అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెప్పించుకుని ఇక్కడ మళ్లీ టాక్స్ కట్టుకోవాలి, నాలుగడుగులేస్తే రాష్ట్రం మారిపోయే ఊళ్లో ఉంటే ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇంకోటి, 15 ఏళ్లు దాటిన కారుకి ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 600 నుంచి 5,000 అయింది, అందుకని ఆర్‌సీలో ఎప్పటివరకు ఉందో చూడకుండా బేరం మొదలుపెట్టకండి.

నేను చేసిన మొదటి తప్పు రంగు చూసి కొనడం. పైన తళతళలాడుతోంది. ఇంటికి తెచ్చాక కింద మ్యాట్ ఎత్తి, దాని కింద అతికించిన తారు షీట్ పీకి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా దిగిపోయింది, కింద నేల కనబడింది. మా డెంటింగ్ మేస్త్రి ఒడియావాడు, తుప్పుని ‘కళంకి’ అంటాడు. ఆ రోజు కారు చుట్టూ ఒకసారి తిరిగి, వచ్చీరాని తెలుగులో "బాబూ, దీనికి కళంకి పట్టలేదు, కళంకికే కారు పట్టింది" అన్నాడు.

800 కొనేవాళ్లు స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాల్సిన చోట్లు: ముందు సీట్ల దగ్గర కాళ్ల కింద ఫ్లోరు, బ్యాటరీ ట్రే, స్టెప్నీ గుంట, తలుపుల అడుగు అంచు. మంచి రేకు టంగుమంటుంది, పుట్టీ కొట్టింది దబ్‌మంటుంది. తలుపుల కింద నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి, నా కారులో నాలుగూ మట్టితో మూసుకుపోయి ఉన్నాయి, సైకిల్ పుల్లతో పొడిస్తే అరగ్లాసు బురద నీళ్లు వచ్చాయి.

గోకుడు పనికి నాలుగంగుళాల గ్రైండరు, వైర్ కప్ బ్రష్ సరిపోయాయి. కళ్లద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు, దాని తీగలు ఊడి ఎగురుతాయి, ఒకటి నా చొక్కాలో గుచ్చుకుని ఉంది. పాత రంగు దుమ్ము కూడా మంచిది కాదు, మాస్క్ పెట్టుకోండి.

నట్లు, బోల్టులు, తలుపు కీలులకి మాత్రం చవక మందు దొరికింది, కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). లీటరు గోరువెచ్చటి నీళ్లకి 70, 80 గ్రాములు వేసి రాత్రి నానబెడితే పొద్దున్నకి తుప్పు నల్లగా ఊడి వస్తుంది. తర్వాత వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, ఆలస్యం చేస్తే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. మా అమ్మ బకెట్లోకి తొంగి చూసి "నట్లకి పులుసు పెడుతున్నావేంట్రా" అంది.

రేకు పని మొదట గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో చేయించబోయాను. అది మామూలు ఆర్క్ వెల్డింగు, కారు రేకు పల్చన, అతుకు వేసేలోపు పక్కన ఇంకో చిల్లు పడింది. మేస్త్రి తిట్టి, సీఓటూ వెల్డింగు (గ్యాస్‌తో, సన్న తీగతో పల్చటి రేకుకి చేసేది) ఉన్న చోటికి పంపాడు. 20 గేజ్ రేకు, ఒకటే గీతలా కాకుండా దూరం దూరంగా చుక్కలు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ చేశారు, లేకపోతే రేకు వంకరపోతుంది. వెళ్లేముందు బ్యాటరీ వైర్లు తీసేయండి, సీటు, కార్పెట్ అన్నీ బయట పెట్టండి. ముందు ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద సీలెంట్, కింద తారు కోటింగ్, ఆ వరసలో. గోకకుండా తారు పూస్తే లోపలి తుప్పుకి దుప్పటి కప్పినట్టే.

ఇంత చేసినా నీళ్లు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడకుండా చిల్లు పూడ్చుకున్నానని అప్పుడు వెలిగింది. ఆదివారం మా బావమరిదిని పిలిచి బయట పైపు పట్టమని, నేను టార్చి పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి పడుకున్నాను. పైపు కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఒక్కో చోట పది నిమిషాలు, పై నుంచి పోస్తే నీళ్లు అన్నిచోట్లా పారి ఏమీ తెలీదు. తలుపు అంచు, ఏమీ లేదు. వైపర్ల కింద, ఏమీ లేదు. ముందు అద్దం కుడి మూల దగ్గరికి రాగానే వైర్ల వెంట బొట్టు బొట్టుగా నా మెడ మీద.

అద్దం తీశాం. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పెదవి పైకెత్తి, లోపల్నుంచి మూలల్ని మెల్లగా నెడితే వచ్చేసింది, ఇద్దరు కావాలి. రబ్బరు కింద పాత ఓనరు సిలికాన్ కుక్కాడు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఇనుముకి పడదు, అదే ఆమ్లంలా పని చేస్తుంది. ఫ్రేము అంచు జానెడు మేర పొరలు పొరలుగా లేచింది, అదృష్టం కొద్దీ చిల్లు పడలేదు. గోకి, రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) రాసి, ప్రైమర్ రెండు కోట్లు కొట్టాను.

కొత్త రబ్బరు బరంపురం నుంచి రావాలి, 650 అన్నారు. బిగించే పద్ధతి మేస్త్రి చెప్పాడు: ముందు రబ్బరు అద్దానికి తొడిగి, దాని గాడిలో చుట్టూ నైలాన్ తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాసి, బయట ఒకరు అరచేత్తో అద్దాన్ని నొక్కుతుంటే లోపల్నుంచి తాడు లాగుతూ పోవాలట, రబ్బరు పెదవి దానంతటదే ఫ్రేము లోపలికి వచ్చి కూర్చుంటుందట.

ఇప్పటికి కారు కాక 17,400 అయింది, అందులో 900 ఆ గేట్ల షాపులో దండగ. అద్దం అమ్మ మంచం కింద దుప్పట్లో చుట్టి ఉంది, కారు టార్పాలిన్ కింద ఉంది, మహేంద్రగిరి వైపు మబ్బు పట్టినప్పుడల్లా వెళ్లి తాడు ముళ్లు చూసి వస్తున్నాను.