చెన్నై వ్యాసం, చర్చ పేజీ, నేను

తెలుగు వికీపీడియాలో చెన్నై వ్యాసం మీద మా వాదన జనసాంద్రత దగ్గర మొదలైంది. వ్యాసం పక్కనుండే సమాచారపెట్టెలో విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లనీ, జనాభా 46,46,732 అనీ ఉంది. రెండూ నిజమైన అంకెలే, రెండింటికీ ప్రభుత్వ మూలాలున్నాయి. అయితే ఈ రెండూ ఇస్తే ఆ పెట్టె సాంద్రతను తనే లెక్కగట్టేస్తుంది. అలా చ.కి.మీ.కు దాదాపు 10,900 మంది అని చూపిస్తోంది. 2011 జనగణన చెన్నై జిల్లాకు ఇచ్చిన సాంద్రత 26 వేలకు పైమాటే. అంత కిక్కిరిసిన ఊరిని సగానికి సగం ఖాళీ చేసేశాం.

తిరకాసు ఎక్కడుందో నాకు చూడగానే అర్థమైంది. నేనుండేది అంబత్తూరులో. 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలవాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు మాది చెన్నై కాదు. అంబత్తూరు మున్సిపాలిటీ, తిరువళ్ళూరు జిల్లా. ఆ ఏడాది అక్టోబరులో అంబత్తూరు, ఆలందూరు, తిరువొత్తియూరు లాంటి 9 మున్సిపాలిటీలు, 8 పట్టణ పంచాయతీలు, 25 గ్రామ పంచాయతీలు చెన్నై కార్పొరేషన్‌లో కలిశాయి. 174 చ.కి.మీ. ఉన్న నగరం 426 అయింది. జిల్లా హద్దులు మాత్రం 2018లో గానీ మారలేదు. అంటే ఆ 46 లక్షలమందీ పాత 174లో ఉన్నవాళ్ళు. అవే 2011 లెక్కల్ని కొత్త హద్దులకు సరిపెడితే సుమారు 67 లక్షలు. శివార్లన్నీ కలుపుకున్న పట్టణ సముదాయం 86 లక్షల పైన. అడిగితే మూడూ చెన్నై జనాభాయే.

నేను 67 లక్షలని మార్చి, కారణం దిద్దుబాటు సారాంశంలో రాశాను. తెల్లారేసరికి పాత అంకె వచ్చి కూర్చుంది. "జనగణన అంకెలను మార్చవద్దు" అని సారాంశం. మళ్ళీ మార్చాను, మళ్ళీ పోయింది. ఈలోగా ఇంకొకరు వచ్చి విస్తీర్ణాన్నే 174 చేశారు. నిజానికి ముగ్గురి దగ్గరా సరైన మూలమే ఉంది. ఎవరి మూలం ఏ హద్దు గురించి మాట్లాడుతోందో మాత్రం ఎవరూ రాయలేదు.

ఎదుటివాళ్ళ మార్పును ఒకే రోజులో మూడుసార్లకు మించి తిరగ్గొట్టకూడదని వికీపీడియాలో ఒక నియమం ఉంది. ఆ గీత దాకా వెళ్ళకుండా అందరం వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీకి మళ్ళాం. కొత్తగా రాసేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: వ్యాసంలో తిరగ్గొట్టుకుంటూ పోతే టెన్షన్ పెరుగుతుందే తప్ప ఎదుటివాళ్ళు ఎందుకలా చేస్తున్నారో ఎప్పటికీ తెలియదు. చర్చ పేజీలో తెలిసింది. పాత అంకెను వెనక్కి తెస్తున్న పెద్దాయన గుంటూరులో ఉంటారు, రిటైరయ్యారు, ఎన్నో ఊళ్ళ వ్యాసాల్లో జనాభా అంకెలు చేర్చినవారు. కొందరు నోటికొచ్చిన అంచనాలు పెట్టి పోతుంటారని, జనగణన అంకెను ఎవరు కదిపినా వెనక్కి తెచ్చేస్తారు. ఆయన కాపలా కాయకపోతే ఆ వ్యాసాల గతి ఏమయ్యేదో నాకు తెలుసు. "మీరు పెట్టిన అంకె కూడా జనగణనదేనని ముందే చెప్పి ఉంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదండీ" అన్నారు.

అప్పుడు నేను చర్చ పేజీలో చిన్న పట్టిక వేశాను. ఏ హద్దు, ఎంత విస్తీర్ణం, ఆ హద్దులో ఎంత జనాభా, ఏ మూలం. దాంతో వాదన చాలావరకు చల్లారింది. పెట్టెలో 426కు 67 లక్షలు, దాని కింద పట్టణ సముదాయానికి వేరే వరస, పాత నగరం సాంద్రత వ్యాసం లోపల 2011 సంవత్సరంతో సహా. 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది కాబట్టి, ప్రతి అంకె పక్కనా ఏడాది ఉండి తీరాలని కూడా ఒప్పుకున్నాం. ఇంత పాత అంకెను ఏడాది లేకుండా వదిలితే చదివేవాళ్ళు ఈనాటిదే అనుకుంటారు.

స్థాపన తేదీ దగ్గర అంత తేలిగ్గా కాలేదు.

పెట్టెలో 1639 ఆగస్టు 22 అని ఉంది. చెన్నైలో 2004 నుంచి మద్రాస్ డే జరుపుకుంటున్నది ఆ రోజే. దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి ఈ తీరంలో స్థలమిచ్చిన రోజది. బెంగళూరు నుంచి రాసే ఒకాయన దాన్ని జులై 22 చేశారు. మూలం కూడా ఇచ్చారు. అవును, స్థలమిస్తూ నాయకుడు రాసిన దానపత్రం మీద కనిపించే తేదీ జులై 22 అనే ఉన్నట్టు చెబుతారు. కానీ ఫ్రాన్సిస్ డే ఇక్కడికి చేరిందే జులై 27న. రాని మనిషి చేతికి పత్రం రాదు కాబట్టి అది ఆగస్టు 22 అయి ఉండాలని చరిత్రకారులు తీసుకున్నారు.

చర్చ పేజీలో ఈ మాట అనడం సులువే. ఏ పుస్తకం, ఏ సంపుటం, ఏ పేజీ అని అడిగితే చూపించాలి. ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకి వెళ్ళాను. 1896 నాటి లైబ్రరీ అది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఒకటి. హెన్రీ డేవిసన్ లవ్ 1913లో తెచ్చిన 'వెస్టిజెస్ ఆఫ్ ఓల్డ్ మద్రాస్' కావాలని అడిగాను. కౌంటర్లో ఉన్న ఆవిడ, ఆగస్టు వస్తే ఈ పుస్తకం కోసం జనం వస్తూనే ఉంటారని తమిళంలో అంది. మొదటి సంపుటం ముందు పెట్టుకుని, కావలసిన భాగాలన్నీ పేజీ నంబర్లతో సహా నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. అక్కడ కూర్చున్నంతసేపూ నాకు గొప్ప సంతోషంగా ఉంది. ఇళ్ళలో కూర్చుని రోజుల తరబడి వాదించుకున్న విషయం అక్కడ ఒక అట్ట మధ్యన అచ్చయి ఉంది. ఎవరైనా వెళ్ళి తెరిచి చూసుకోవచ్చు.

ఆ వివరాలు పెట్టాక బెంగళూరాయన జులైని పట్టుకు వేలాడలేదు. ఇంకా ముందుకు వెళ్ళారు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళది పాత జూలియన్ క్యాలెండర్, మనం ఇప్పుడు వాడేది గ్రెగోరియన్, రెంటికీ ఆ శతాబ్దంలో పది రోజుల తేడా, కాబట్టి అసలు తేదీ సెప్టెంబరు 1 అన్నారు. కూడికలో తప్పులేదు. అయినా నేను ఒప్పుకోలేదు. ఇచ్చింది నాయకుడు, ప్రతి దాచుకున్నది ఇంగ్లీషువాడు. అందులోని తేదీ ఎవరి లెక్క ప్రకారం పడిందో మనం ఊహించుకుంటే తప్ప ఆ పది రోజులు కలపలేం. అలా ఊహించి రాసిన పుస్తకం ఏదైనా ఆయన చూపిస్తే దాని పేరు చెప్పి రాయొచ్చు. చూపించలేదు. మనకు మనం పరిశోధన చేసి వ్యాసంలో పెట్టకూడదు, ఎంత తెలివైన పరిశోధనైనా సరే. ఆయన బాధపడ్డారు. ఆయన రాసిన పేరా చక్కగా ఉందని, దాన్ని తన సొంత వ్యాసంగా పత్రికకు పంపమని చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను.

ఇదే దారిలో ఇంకొకరు, ఊరికి 1639లో పుట్టుక ఏమిటని అడిగారు. తిరువల్లిక్కేణి పార్థసారథి గుడిలో పల్లవ రాజు దంతివర్మ కాలపు శాసనం ఉంది. మైలాపూరు పాతది, శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్ళు ఇంగ్లీషువాళ్ళకన్నా ముందే ఉన్నారు. పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి 1863లో రాతి పనిముట్టు దొరికింది. ఈ ప్రశ్న న్యాయమైనదని నాకు అనిపించింది. 'స్థాపన' అన్న గడిలో ఒక్క తేదీ పెట్టి వదిలేస్తే అంతకుముందు ఇక్కడ ఇసుక తప్ప ఏమీ లేదన్నట్టు చదువుకుంటారు. గడిలో 1639 ఉంచాం. దాని పక్కన 'కంపెనీ స్థావరంగా' అని చేర్చాం. చరిత్ర విభాగం మాత్రం పల్లావరంతో, మైలాపూరుతో మొదలయ్యేలా తిరగరాశాం. నా లెక్కన ఈ మొత్తం గొడవలో వ్యాసానికి జరిగిన అసలు మేలు ఇదే.

ఇక తెలుగువాళ్ళ పేరా. ఇక్కడే గొంతులు పెరిగాయి.

ఒకరు మద్రాసు మనదే ఉద్యమం గురించి చాలా పెద్ద విభాగం రాశారు. అది వ్యాసంలో ముప్పాతిక భాగం ఆక్రమించింది. మరొకరు వచ్చి, ఇది తమిళనాడు రాజధాని గురించిన వ్యాసం, ఆంధ్రోద్యమానికి వేరే పేజీ ఉంది అంటూ మొత్తం తీసేశారు. నాకు రెండూ మింగుడుపడలేదు. పొట్టి శ్రీరాములు దీక్ష చేసిందీ, ప్రాణం వదిలిందీ ఈ ఊళ్ళోనే, మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో. శ్రీరాములు స్మారకం రాయపేట హైరోడ్డులో ఇప్పటికీ ఉంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నేను ఆగి చూస్తాను. దాన్ని చెన్నై వ్యాసంలోంచి తీసేయడం కుదరదు. అలాగని చెన్నై అంటే అదొక్కటే అన్నట్టు రాయడం కూడా న్యాయం కాదు.

దీక్ష ఎన్ని రోజులన్నది కూడా తేలలేదు. కొన్ని పుస్తకాల్లో 56, కొన్నింట్లో 58. మొదలుపెట్టింది 1952 అక్టోబరు 19న, కన్నుమూసింది డిసెంబరు 15న. రెండు తేదీల మీదా ఎవరికీ అభ్యంతరం లేదు కాబట్టి మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకుని లెక్కపెడితే 58. ఇది సొంత పరిశోధన కాదా అని బెంగళూరాయన నన్ను నిలదీశారు. అడగాల్సిన మాటే. అందరూ ఒప్పుకున్న రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టడంలో ఊహకు చోటు లేదు, క్యాలెండర్ విషయంలో ఉంది అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. 56 అన్న పుస్తకాలను అడుగున గమనికలో ఉంచాం.

అందరికన్నా ఎక్కువ మొండికేసింది ఒక వాక్యం: "అప్పటి మద్రాసు జనాభాలో సగానికి పైగా తెలుగువారే." దీనికి మూలంగా ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలోని వ్యాసం ఇచ్చారు. ఆ వ్యాసం తెరిచి చూస్తే వాక్యం మాటకు మాట అలాగే ఉంది. ఆ పోలిక చూసి అనుమానం వచ్చి మా వ్యాసం మార్పుల చరిత్ర తెరిచాను. పాత కూర్పులను ఒక్కొక్కటే వెనక్కి తిప్పుకుంటూ పోతే, ఆ వాక్యం ఏ రోజున ఎవరి చేత్తో చేరిందో దొరికింది. పత్రికలో అచ్చవడానికి చాలా ముందే, ఏ మూలమూ లేకుండా, మా దగ్గర చేరింది. అంటే పత్రిక మా దగ్గరే తీసుకుంది. మేమేమో పత్రికను సాక్ష్యం పెట్టుకున్నాం. రెండు కూర్పుల లింకులూ పక్కపక్కన పెట్టి, పత్రిక తేదీ కింద రాశాను. అందరికన్నా గట్టిగా ఆ వాక్యాన్ని కోరుకున్నది నాలాంటి వాళ్ళే. షావుకారుపేటలో, చింతాద్రిపేటలో, టి.నగర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం. వాక్యం తీసేస్తుంటే నాకూ మనసు చివుక్కుమంది. కానీ ఆధారం లేని గొప్ప ఒకటి పట్టుబడితే, పక్కనున్న నిజాలను కూడా జనం నమ్మరు.

నిజాలకు కొరత లేదు కూడా. దానపత్రం ఇచ్చింది తెలుగు నాయకుడు. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను బొంబాయి నుంచి ఇక్కడికి తెచ్చింది 1914లో. దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభ పెట్టింది ఇక్కడే, 1937లో. టి.నగర్ మధ్యలోని పనగల్ పార్కు, మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా చేసిన పానగల్లు రాజా పేరు మీదిది. 2011 భాషా పట్టికలో చెన్నై జిల్లాలో తమిళం తరువాతి స్థానం తెలుగుదే. ఇవన్నీ మూలాలతో చేర్చాం. ఉద్యమం గురించి కుదించి రెండు పేరాలు రాశాం. ఆంధ్రులు మద్రాసు మీద హక్కు వదులుకుంటేనే రాష్ట్రమని 1949లో జె.వి.పి. కమిటీ (నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కాంగ్రెస్ కమిటీ) చెప్పడం, దీక్ష, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, మద్రాసు తమిళుల దగ్గరే ఉండాలని తమిళ నాయకుడు మా.పొ.శివజ్ఞానం నడిపిన ఉద్యమం. చివరిది చేర్చమన్నది తమిళం చదవగలిగిన మా అంబత్తూరు మిత్రుడే. అవతలివాళ్ళ మాట లేకుండా పేరా రాస్తే అది సగమే అన్నాడు. తమిళ పుస్తకాల్లోంచి ఆ మూలాలు వెతికిపెట్టిందీ అతనే. పూర్తి కథ కావాల్సినవాళ్ళకు ఆంధ్రోద్యమం వ్యాసానికి లింకు ఇచ్చాం. మొత్తం విభాగాన్ని తీసేసినాయన ఈ పేరాలు చదివి, "ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు" అని రాసి సంతకం చేశారు.

వ్యాసం నెత్తిన ఉన్న వివాద మూసను (ఇందులోని విషయాలపై వాదన నడుస్తోందని చెప్పే పట్టీని) గుంటూరు పెద్దాయనే తీశారు. చర్చనంతా చెరిగిపోకుండా భద్రపరచమని, కొత్తగా వచ్చేవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి కొట్టుకోకుండా పైన లింకు పెట్టమని నాకు అప్పగించారు. పెట్టాను.

ఒక పని మిగిలింది. ఆ 'సగానికి పైగా' అన్న మాట తేలాలంటే 1951 జనగణనలో మద్రాసు నగరానికి మాతృభాషల పట్టిక కావాలి. నేనింకా ఆ సంపుటం కోసం వెతుకుతున్నాను. మీలో ఎవరికైనా ఏదైనా విశ్వవిద్యాలయం లైబ్రరీలో దొరికితే, పేజీ నంబరుతో సహా చర్చ పేజీలో రాయండి. ఎంతని తేలినా అదే రాస్తాం.