స్టోర్డ్ ప్రొసీజర్ రిపోర్టులు: ఎఫ్5 నొక్కే ముందు, నొక్కాక

ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌తో పనిచేసే మేనేజ్‌మెంట్ స్టూడియో అనే ప్రోగ్రామ్‌లో, రిపోర్టు ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే పేరు పెట్టి దాచిన కోడ్) ఎఫ్5 నొక్కి రన్ చేయడం నా రోజువారీ పని. ఎర్రర్ వస్తే నాకు పెద్దగా బెంగ ఉండదు, కారణం అందులోనే ఉంటుంది. ఏ ఎర్రరూ రాకుండా తప్పుడు టోటల్ వచ్చిందంటేనే ప్రమాదం. అందుకే నా జాగ్రత్తంతా దాని మీదే.

క్వెరీ విండో తెరవగానే కింద స్టేటస్ బార్‌లో సర్వర్ పేరు, పైన టూల్‌బార్‌లో డేటాబేస్ పేరు చూస్తాను. డేటాబేస్ దగ్గర మాస్టర్ (సర్వర్ సొంత డేటాబేస్) అని ఉండగా రన్ చేస్తే, ప్రొసీజర్ దొరకలేదని 2812 ఎర్రర్ వస్తుంది. అది నయమే. పొరపాటున టెస్ట్ సర్వర్‌కి కనెక్ట్ అయి, అక్కడ అదే పేరుతో ప్రొసీజర్ ఉంటే చక్కగా రన్ అయిపోయి పాత డేటా చూపిస్తుంది. కనెక్షన్ సెట్టింగుల్లో ఒక్కో సర్వర్‌కి ఒక్కో రంగు పెట్టుకునే వీలుంది, తప్పకుండా వాడండి.

తర్వాత ఎస్‌పీ_హెల్ప్‌టెక్స్ట్ అనే కమాండ్‌తో ప్రొసీజర్ కోడ్ చదువుతాను. పేరులో రిపోర్ట్ అని ఉన్నంత మాత్రాన అది చదివి ఊరుకుంటుందని నమ్మకూడదు. కొన్ని ప్రొసీజర్లు డేటా తీశాక ఆ రికార్డులకు ‘పంపాం’ అని గుర్తు పెట్టేస్తాయి, రెండోసారి రన్ చేస్తే ఖాళీ గ్రిడ్ వస్తుంది. లోపల అప్‌డేట్, ఇన్సర్ట్ కనిపిస్తే ఊరికే ట్రయల్ వేయను.

కోడ్‌లో ఎక్కువసేపు చూసేది తేదీ షరతు. కాలమ్ డేట్‌టైమ్ (తేదీ, టైమ్ కలిపి దాచే) రకమై, షరతు ‘బిట్వీన్’తో (ఈ తేదీ నుంచి ఆ తేదీ వరకు అని) రాసి ఉందనుకోండి. ముగింపు తేదీగా 20240430 ఇస్తే, సర్వర్ దాన్ని 30వ తేదీ 00:00:00 అని తీసుకుంటుంది. ఆ రోజంతా జరిగిన లావాదేవీలు రిపోర్టులోకి రావు. పోనీ 23:59:59.999 అని ఇద్దామా అంటే, డేట్‌టైమ్ సెకనులో మూడు వందల వంతు వరకే పట్టుకుంటుంది కాబట్టి అది మే 1, 00:00:00కి రౌండ్ అయిపోతుంది. టైమ్ లేకుండా ఒకటో తేదీతో నమోదైనవన్నీ ఏప్రిల్ లెక్కలో చేరిపోతాయి. ప్రారంభ తేదీకి సమానం లేదా ఎక్కువ, తర్వాతి నెల ఒకటో తేదీ కంటే తక్కువ అని రాయడమే సరైన పద్ధతి. కోడ్ మార్చే హక్కు లేకపోతే, పారామీటర్ (ప్రొసీజర్‌కి మనం ఇచ్చే విలువ) కూడా డేట్‌టైమే అయితే, చివర .997 ఇస్తే సరిపోతుంది.

తేదీ రాసే తీరు కూడా ముఖ్యమే. నేను ఎప్పుడూ గీతలు లేకుండా 20240405 అనే రాస్తాను. 2024-04-05 అని రాస్తే, లాగిన్ భాష బ్రిటిష్ ఇంగ్లిష్ అయినప్పుడు డేట్‌టైమ్ పారామీటర్ దాన్ని మే 4 అని చదువుతుంది. రోజు 12 దాటితేనే 8114 ఎర్రర్ ఇస్తుంది, అంతవరకు నోరెత్తదు. డేట్ రకం పారామీటర్‌కి ఈ గొడవ లేదు.

ప్రొసీజర్‌ని పిలిచే ఎగ్జెక్ లైన్లో పారామీటర్లను వరసని నమ్ముకుని కాకుండా పేరుతోనే ఇస్తాను. ఎవరైనా మధ్యలో కొత్త పారామీటర్ చేరిస్తే వరస మారిపోతుంది, రకాలు కలిస్తే ఎర్రర్ కూడా రాదు. ఇప్పటి తేదీ, టైమ్ ఇచ్చే గెట్‌డేట్ లాంటి ఫంక్షన్‌ని నేరుగా అక్కడ ఇవ్వడం కుదరదు, ముందు వేరియబుల్లో పెట్టుకోవాలి. ఆ రెండు లైన్ల మధ్య ‘గో’ (కోడ్‌ని విడి భాగాలుగా చేసే మాట) పడితే వేరియబుల్ పోతుంది, 137 ఎర్రర్ వస్తుంది. అవుట్‌పుట్ పారామీటర్ అయితే పిలిచేటప్పుడు కూడా అవుట్‌పుట్ అని రాయాలి, లేకపోతే విలువ నల్‌గానే (ఖాళీగానే) మిగులుతుంది. తెలుగు పేరుతో వెతికేటప్పుడు కోట్స్ ముందు పెద్ద ‘ఎన్’ తప్పనిసరి. అది లేకపోతే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారి ఒక్క రికార్డూ దొరకదు.

గ్రిడ్ నుంచి కాపీ చేసేటప్పుడు హెడర్లతో కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, సి. టెక్స్ట్ మోడ్‌లో మాత్రం పెద్ద రిమార్కులు కోసుకుపోతాయి, డిఫాల్ట్‌గా కాలమ్‌కి 256 అక్షరాలే చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే, కామాలున్న విలువలకు కోట్స్ పెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే చిరునామాల దగ్గర కాలమ్‌లు పక్కకి జరుగుతాయి. ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలవుతాయి. డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టాలి.

రిపోర్టు పంపే ముందు అసలు టేబుల్ మీద, ఏ జాయిన్ (టేబుళ్లను కలపడం) లేకుండా, అవే తేదీలకు కౌంట్, సమ్ తీసి పోలుస్తాను. ప్రొసీజర్ వేరే ఫిల్టర్లేవైనా పెడితే అవీ ఈ క్వెరీలో పెట్టాలి. రిపోర్టులో తక్కువ వస్తే సాధారణంగా ఇన్నర్ జాయిన్ కారణం, కోడ్‌ల జాబితా ఉండే మాస్టర్ టేబుల్లో లేని కోడ్‌ల రికార్డులు రాలిపోతాయి. ఎక్కువ వస్తే జాయిన్ అయిన టేబుల్లో ఒకే కోడ్ రెండుసార్లు ఉందేమో గ్రూప్ బై, హ్యావింగ్‌తో వెతుకుతాను.