ముసలమ్మ తలుపు వేసుకున్నాక

కాల్యఖ్ అనే ముసలమ్మ దేవత రాయి రూపంలో ఉంటుంది. ఆమెను మే 1 ప్రాంతంలో గుడి బయటికి తెస్తారు, నవంబరు 1 ప్రాంతంలో లోపల పెట్టి మూసేస్తారు. నేను వెళ్లింది నవంబరు రెండో వారంలో. దర్శనం దొరకదని తెలిసే బయల్దేరాను.

స్కాట్లాండ్‌లో గ్లెన్ లయన్ అనే పొడవాటి లోయ చిట్టచివర ఒక డ్యామ్ ఉంది. అక్కడి నుంచి రానుపోను దాదాపు 20 కిలోమీటర్ల నడక. వారం రోజుల వానకి వాగులు పొంగి ఉన్నాయి. రెండో వాగు దాటేసరికి బూట్ల నిండా నీళ్లు. సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దు గూకుతుందని ఒకటే టెన్షన్.

ఆ గుడి పేరు టై నం బొడఖ్. గోపురం లేదు, గంట లేదు. రాళ్లు పేర్చి, పైన గడ్డి పెళ్లలు కప్పిన చిన్న గూడు. లోపల కాల్యఖ్, ఆమె భర్త బొడఖ్, వాళ్ల కూతురు. అందరూ ఏటి నీళ్లకు అరిగి నున్నబడ్డ రాళ్లే.

గేలిక్ భాషలో కాల్యఖ్ అంటే ముసలావిడ. చలికాలం ఆమెది. ఆమె కర్ర తాకిన నేల గడ్డకట్టుకుపోతుందంటారు. జూరా దీవి పక్కన కొరీవ్రెకన్ సుడిగుండంలో ఆమె శాలువా ఉతుక్కుంటుందట. తెల్లగా తేలిన ఆ శాలువాయే కొండల మీద పరుచుకునే మంచు. అంతటి ఆవిడ ఒకసారి మంచు తుఫానులో నిండు గర్భిణిగా భర్తతో ఈ లోయకొచ్చి, ఊరివాళ్లు నీడ ఇస్తే ఇక్కడే బిడ్డను కన్నదట. వెళ్తూ వెళ్తూ, ఈ రాళ్లను వేసవికి బయట పెట్టి, చలికి లోపల పెడుతున్నంత కాలం లోయ పచ్చగా ఉంటుందని దీవించిందట. గొర్రెల కాపరులు తరతరాలుగా ఆ పని చేస్తూ వచ్చారు. మంత్రం లేదు, నైవేద్యం లేదు. చలి రాగానే పెద్దావిడను ఇంట్లో పెట్టి తలుపు వేయడం, అంతే.

నాకు ఆమె మీద భక్తి కుదిరింది అక్కడే. నేను కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేస్తాను. తెల్లవార్లూ గది గదికీ తిరిగి, జారిన దుప్పట్లు ముసలమ్మల భుజాల కింద దోపడం నా పని. మనకూ ముసలమ్మ తల్లి గుళ్లున్నాయి, ధూమావతి ఉంది. అయినా పటాల్లో అమ్మవారంటే పడుచుదనమే చూస్తూ పెరిగాను. ముడతలకు మొక్కడం నాకు ఈ దేశంలోనే అలవాటైంది.

గూడు మూసి ఉంది. రాళ్ల సందుల్లో నాచు కుక్కి ఉంది. బొట్టు పెడదామని కుంకుమ తెచ్చుకున్నాను గానీ సంచిలోంచి తీయలేదు. ఇక్కడి మర్యాద ఇక్కడిది. తడి గడ్డిలోనే కూర్చుని, రాతికి అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. పక్కన ఏరు హోరుమంటోంది. ఏమీ కోరుకోవాలనిపించలేదు.

లేవబోతూ చూస్తే, ఒక మూల నాచు ముద్ద ఊడి కింద పడి ఉంది. ఆ సందులోంచి గాలి లోపలికి కొడుతోంది. ముద్ద తీసి, మళ్లీ అక్కడే రెండు వేళ్లతో మెల్లగా దోపాను.