మెదడువాపు తర్వాత వంకాయ పోయింది, స్పానర్ ఉండిపోయింది

మాది అనంతపురం, బోరు మోటార్లు రిపేరు చేస్తాను. పోయిన ఎండాకాలం జ్వరం, తలనొప్పితో మొదలై, రెండో రోజుకే పొంతన లేకుండా మాట్లాడానట. వీధిలో ఎవరో గాలి సోకిందన్నారు గానీ మా తమ్ముడు వినలేదు, ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాడు, ఫిట్స్ అక్కడే వచ్చాయి. ఎంఆర్ఐలో ఎడమ కణత వైపు మెదడు వాచి ఉంది. వెన్నులోంచి నీరు తీసి చూస్తే హెర్పిస్ సింప్లెక్స్, పెదాల మీద పొక్కులు తెచ్చే వైరసే. ఆ రిపోర్టు రాకముందే ఎసైక్లోవిర్ మొదలుపెట్టారు, ఎనిమిది గంటలకోసారి నరానికి, మూడు వారాలు. మందు పడకపోతే పదిమందిలో ఏడుగురు బతకరట. నా ప్రాణం మా తమ్ముడి మొండితనం వల్లే నిలబడింది.

ఇంటికొచ్చాక బయటపడింది అసలు సంగతి. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ ఒక వంకాయ చేతికిచ్చి, "ఇదేందో చెప్పండి" అంది. ఊదారంగు, నున్నటి తొక్క, తొడిమకు సన్నటి ముళ్లు, అన్నీ కనబడుతున్నాయి. తినేదని తెలుస్తోంది, అంతే. వంకాయ అని ఆమే చెప్పినా నాకేమీ తోచలేదు. వీధిలో మేక ఎదురైతే జంతువని తెలుసు గానీ కరుస్తుందో పాలిస్తుందో తెలీక గోడవారకు జరిగేవాణ్ణి. అదే పనిసంచి తెరిస్తే రింగు స్పానర్, కటింగ్ ప్లేయర్, కెపాసిటర్, ఏది ఎందుకో గడగడా చెప్పేశాను. నా వృత్తి కాబట్టేమో అనుకుంటే, నేనెప్పుడూ ముట్టని కవ్వం, చాట కూడా సరిగ్గానే చెప్పాను.

టెన్షన్ తగ్గింది డాక్టరు మాట విన్నాకే. 1984లోనే ఎలిజబెత్ వారింగ్టన్, టిమ్ షాలిస్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు ఇదే జబ్బు నుంచి కోలుకున్న నలుగురి గురించి రాశారట. వాళ్లకూ జంతువులు, తిండి పదార్థాలు పోయి పనిముట్లు మిగిలాయి. ఒకాయనకైతే ప్రాణం లేని సంగీత వాయిద్యాలూ పోయాయి, శరీర భాగాలు మాత్రం తెలిసేవి. అంటే ప్రాణం ఉందా లేదా అన్నదొక్కటే లెక్క కాదు. కాయనో జంతువునో పోల్చుకునేది రంగు, ఆకారం, రుచి బట్టి. స్పానర్‌ను దాని పని బట్టి అని వాళ్ల వివరణ. రంగు, శబ్దం, చేతి కదలిక మెదడులో తలా ఒక చోట నమోదవుతాయనీ, కణత భాగం ముందు కొస వాటిని కలిపి ఒక అర్థంగా నిలుపుతుందనీ చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. నాకు దెబ్బ తగిలింది ఆ చుట్టుపక్కలే.

స్పీచ్ థెరపిస్టు ఫోటోలతో నేర్పించేది, మా ఆవిడ వంటింట్లో నేర్పించింది: కోయించి, వాసన చూపించి, తినిపించి. అన్నిటికంటే ముందు తిరిగొచ్చినవి చెనక్కాయలు. బొటనవేలితో నొక్కగానే పొట్టు టప్పున పగిలి గింజలు అరచేతిలో పడ్డాయి, అవేంటో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. చేతితో ఒలిచేవి, విరిచేవి ముందొచ్చాయి, చూడ్డానికే తప్ప చేతికందనివి వెనకబడ్డాయి. నాకు జరిగింది ఇదే, అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేను. నాలుగు రోజులు వదిలేస్తే కొన్ని మళ్లీ జారిపోతాయి, అందుకే రోజూ కూర్చుంటాం.

ఫిట్స్ మాత్రలు ఇంకా వేసుకుంటున్నా. మోటార్ల పనికి వెళ్తున్నా. పక్షులే పూర్తిగా రాలేదు. కాకిని అరుపు విని పోల్చుకుంటా గానీ, పిచ్చుక, గోరింక ఫోటోలు పెడితే రెండూ పిట్టలే అంటా, ఇప్పుడు వాటి మీదే కూర్చున్నాం.